బల్ల దగ్గర తేలని లెక్కలు: పాత ఓరుగల్లు జిల్లాలో క్షమాపణ చరిత్ర

జనగామ జిల్లాలో పాలకుర్తి పక్కనే బమ్మెర. పోతన ఊరు. ఆయన పేరుతో మనం చదువుకునే భాగవతంలో ఆరో స్కంధం మాత్రం ఏర్చూరి సింగనది. అజామిళుడి కథ ఆ స్కంధంలోనే వస్తుంది. కథకు ముందు పరీక్షిత్తు శుకుణ్ణి ఒక చిక్కు ప్రశ్న అడుగుతాడు. తప్పు చేసినవాడు ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, మళ్లీ అదే తప్పు చేస్తాడు. ఏనుగు స్నానం చేసి గట్టెక్కి ఒంటినిండా దుమ్ము చల్లుకున్నట్టే కదా, ఇక ఆ ప్రాయశ్చిత్తంతో పనేమిటి? అజామిళుడి ప్రాణం దగ్గర యమదూతలూ విష్ణుదూతలూ తగువు పడేది ఈ ప్రశ్నమీదే. ఒకరు పాపాల చిట్టా విప్పుతారు. కొడుకును పిలుస్తూ పలికిన ఒక్క నామంతో ఆ చిట్టా కొట్టుకుపోయిందని రెండోవాళ్లు అంటారు.

సిలువ మాట ఈ సీమ చెవిన పడడానికి చాలా ముందే ఇక్కడి జనం ఈ సంగతి ఆలోచించారు. చేసిన తప్పుకు ఎవరు చెల్లించాలి? ఎంత? చెల్లించకుండానే వదిలేస్తే ధర్మం గతేమిటి? ఊరికి తెలిసిన దారులు మూడున్నాయి. ఒకటి స్నానం. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసేచోట మునిగితే పాపం పోతుందన్న నమ్మకం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. 2015 గోదావరి పుష్కరాలు, 2022 ప్రాణహిత పుష్కరాలు, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు చూసినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండోది బలి. గత్తర వచ్చినా వానలు పోయినా పోచమ్మకో మైసమ్మకో రక్తం చూపించాలి. మూడోది దండుగ. కులపెద్దలు కూర్చుని తప్పు చేసినవాడికి ఇంత అని వేస్తారు, కట్టినవాణ్ణి తిరిగి పంక్తిలోకి తీసుకుంటారు. పోయిన మనిషి తిరిగి వచ్చాడనడానికి గుర్తు భోజనమే.

క్రైస్తవం ఈ మూడింటినీ వాడుకుంది, మూడింటితోనూ తగువు పెట్టుకుంది. బాప్తిస్మంలో నీళ్లున్నాయి, సిలువలో రక్తముంది, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర పంక్తి ఉంది. అయితే చెల్లించేది మనిషి కాదు, మనిషి తీర్చలేని బాకీని దేవుడే తనమీద వేసుకున్నాడు అన్నది అసలు ప్రకటన. అది ఎలా జరిగిందన్న విషయంలో మాత్రం ప్రపంచ సంఘమంతా కూర్చుని ఒకే వివరణను ఖాయం చేసింది లేదు. తొలి శతాబ్దాల బోధకుల్లో చాలామంది సైతాను చెరనుంచి విడుదల అన్నారు. 1098లో ముగించిన గ్రంథంలో ఆన్సెల్మ్, పాపం దేవుని గౌరవానికి భంగమనీ, దానికి సరితూగే పరిహారం దైవమానవుడే ఇవ్వగలడనీ వాదించాడు. క్రీస్తు ప్రేమ చూసి మనిషి గుండె కరగడమే ముఖ్యమని ఆయన తరవాతి తరంవాడు అబెలార్డ్ అన్నాడు. సంస్కరణకాలపు బోధకులు, ముఖ్యంగా కాల్విన్, న్యాయస్థానాన్నీ శిక్షనూ ముందుకు తెచ్చారు. 20వ శతాబ్దంలో స్వీడన్ పండితుడు గుస్తాఫ్ ఔలెన్ మళ్లీ పాత విడుదల మాటనే పైకెత్తాడు.

ఆన్సెల్మ్ వాదానికి వెనక ఉన్నది ఐరోపా జమీందారీ లోకం. ప్రభువు పరువు పోతే పరిహారం కట్టాల్సిందే. గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తెలంగాణ పల్లెకు ఈ సంగతి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. చిక్కల్లా, ఇక్కడ సువార్త విన్నవాళ్లు దొర పరువుకు పరిహారం కట్టి కట్టి అలసినవాళ్లు. పరలోకంలోనూ ఇంకో దొర ఉన్నాడంటే వాళ్లు వచ్చేవాళ్లా? నా అంచనాలో మిషనరీల పుస్తకాల్లో కాల్విన్ ఉన్నా, మాల మాదిగ వాడల్లో పట్టుకున్నది మాత్రం మొదటి మాటే: చెర వదిలింది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై నెల్లూరులో ఎన్నో ఏళ్లు చేతికి ఫలం దక్కక మూతపడే దాకా వెళ్లింది. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువు తరవాత, 1878 జులైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడు, 1879లో, హనుమకొండ కేంద్రం వెలిసింది. 1901లో జనగామ వంతు వచ్చింది. నల్లగొండ, సూర్యాపేట, జనగామ వైపు ఈ మిషన్ తరఫున పనిచేసినవాళ్లలో రష్యానుంచి వచ్చిన మెనోనైట్లు ఉండడం విశేషం. వాళ్ల పూర్వికులు 16వ శతాబ్దంలో కత్తి పట్టబోమన్నందుకు కూడా కేథలిక్కుల చేతా ప్రొటెస్టెంట్ల చేతా హింసపడినవాళ్లు. శత్రువును క్షమించడం వాళ్లకు ఇంటి చరిత్ర. మొదటి ప్రపంచయుద్ధం, ఆపై రష్యా విప్లవం వాళ్ల ఆదరువును తెంచేశాయి.

ఈ తొలి విశ్వాసులకు ప్రాయశ్చిత్త సిద్ధాంతం పరీక్ష పెట్టింది గుడిలో కాదు, జాతరలో. గ్రామదేవత కొలుపులో దున్నపోతును నడిపించడం, డప్పు కొట్టడం, కళేబరం ఎత్తడం మాల మాదిగల వంశపారంపర్యపు పనులు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ కొలుపుల గురించి తిరిగి తిరిగి సమాచారం సేకరించి 1916లో గ్రామదేవతలమీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఒక్కసారి జరిగిన బలి చాలు, ఇక బలులు వద్దు అన్న బోధ విన్న మాదిగ, ఈ ఏడు డప్పు కొట్టనన్నాడంటే అది ఊరికి వేదాంతచర్చ కాదు, పని ఎగ్గొట్టడం. పైగా వానలు పడకపోతే నింద వాడిమీదికే. కూలి బంద్, బావి బంద్, అవసరమైతే కట్టెదెబ్బలు. సిలువ మీద బలి సరిపోయిందని నమ్మినందుకు ఇక్కడ మనుషులు ఒళ్లప్పగించి బాకీ కట్టారు.

కథ ఇక్కడినుంచి మానుకోట, అంటే మహబూబాబాద్ వైపు మళ్లాలి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ అప్పట్లో సింగరేణి బొగ్గుకు దారి చీలే రైల్వే జంక్షన్, చుట్టూ అడవి. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, మరుసటి ఏడే ఇక్కడికి మనిషిని పంపారు. ఆ సొసైటీ కార్యదర్శి వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే కుటుంబంతో వచ్చేశారు. నాడార్ కులంలో పుట్టిన ఆయన తెలుగు నేర్చుకుని ఆ అడవిజంక్షన్‌లో కాపురం పెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం సభను గతుక్కుమనిపించింది. తెల్ల మిషనరీలు చేసిన త్యాగాలన్నిటికీ దండం పెట్టి, మాకు ఇప్పుడు కావలసింది స్నేహితులు అన్నారు. భారతీయ సహోద్యోగితో చేయి కలపని, ఇంటికి పిలిచి అన్నం పెట్టని మిషనరీల సంగతి దాచకుండా చెప్పారు. క్షమాపణ బోధించేవాడు తనతో పనిచేసే మనిషితో కలిసి భోంచేయకపోతే ఆ బోధ ఎక్కడ నిలుస్తుంది? తరవాత 35 ఏళ్లు ఆయన డోర్నకల్ పల్లెల్లో పెట్టిన ప్రశ్నా అదే. ఈసారి ప్రశ్న మాల మాదిగలకు, వాళ్లతోపాటు చేరిన ఇతర కులాలవాళ్లకు.

ఆయన పల్లెల్లో నాలుగు దయ్యాలను పేరుపెట్టి చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. పాపమంటే లోపలి సంగతి మాత్రమేనని బోధించే ప్రసంగీకులకు ఈ జాబితా నచ్చదు. కానీ డోర్నకల్‌లో అప్పును దయ్యమనడంలో అతిశయోక్తి ఏముంది? ఆనాటి తెలంగాణలో తిండిగింజలు నాగుకు తెచ్చుకుంటే పంటకు ఒకటిన్నర కొలవాలి. తండ్రి బాకీకి కొడుకు జీతం ఉండాలి. భగేలా అనే ఈ జీతాల అన్యాయం ఎంత ముదిరిందంటే, 1936లో హైదరాబాద్ ప్రభుత్వమే దాన్ని అదుపు చేస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. పరలోక ప్రార్థనలో పాపాన్ని అప్పుతో పోల్చి, మాఫీ చేయమని అడుగుతాం. షావుకారు చిట్టాలో వేలిముద్ర ఉన్న మనిషి ఆ ప్రార్థన చేస్తే అది పోలికగా వినిపించదు. నిజంగానే ఆ చిట్టా చిరిగిపోవాలని అడిగినట్టే ఉంటుంది.

బల్ల దగ్గరికి రావడానికి ముందు లెక్క తేలాలి. సంస్కారపు ఆదివారానికి ముందు సంఘపెద్దలు వాడ తిరిగి, ఎవరికెవరికి మాటల్లేవో, ఎవరి గొర్రె ఎవరి చేనులో పడిందో విచారించడం పాతతరానికి బాగా తెలుసు. జాతరలో బలి ఇచ్చినవాణ్ణి, రెండో పెళ్లి చేసుకున్నవాణ్ణి, విశ్వాసులు కానివాళ్లకు పిల్లనిచ్చినవాణ్ణి బల్లకు దూరం పెట్టేవారు. తిరిగి రావాలంటే సంఘం ముందు ఒప్పుకోవాలి. ఇది కులపంచాయతీ దండుగకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది, నిజంగా చుట్టమే. తేడా ఒక్కచోట ఉంది. దండుగ కట్టినవాడు తన కులం పంక్తిలోకి వెళ్తాడు. ఇక్కడ తిరిగి వచ్చినవాడి పెదవికి ఆనే గిన్నె పక్కకులంవాడు తాగిన గిన్నె. పాస్టరుగారు గుడ్డతో అంచు తుడిచి ఆ గిన్నెను మాదిగ చేతినుంచి మాల చేతికి అందించిన ఆ రెండు క్షణాలు తెలంగాణ సామాజిక చరిత్రలో ఎక్కడా సరిగా నమోదు కాలేదు.

ఆ గిన్నె అన్ని గోడలనూ పడగొట్టలేదు. కలిసి తాగినవాళ్లు వియ్యమందుకోలేదు. మాల మాదిగ తగువులు అజరయ్య చివరి రోజుల దాకా ఆయన్ని వేధించాయి. అయినా డోర్నకల్ అధ్యక్ష మండల విశ్వాసులు ఆయన హయాంలో రెండు లక్షలు దాటారు. మతమార్పిడి విషయంలో గాంధీజీతో ఆయనకు కుదరలేదు. గాంధీజీ దృష్టిలో ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సింది అంటరానితనాన్ని పాటించిన సవర్ణుడు. అజరయ్య దృష్టిలో అంటరానివాడు ఆ ప్రాయశ్చిత్తం కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇద్దరిలో ఎవరి పక్షమన్నది అలా ఉంచితే, ప్రాయశ్చిత్తం ఎవరిదన్న చర్చ దేశంలో అంత సూటిగా మళ్లీ జరగలేదు. 1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్‌ను ప్రతిష్ఠించారు. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిపి కట్టిన ఆ రాతి కట్టడం రైలు దిగినవాళ్లకు ఇవాళ్టికీ మొదటి ఆనవాలు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు.

మరుసటి ఏడు, 1946 జులై 4న, జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు ఒరిగాడు. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పొలం కోసం పట్టిన పట్టు, ఆపై నాలుగైదేళ్ల సాయుధపోరాటం మనకు తెలిసినవే. ఆ పోరాటం నడిపిన సంఘం కార్యకర్తలు ఊళ్లలో మొదట చేసిన పనుల్లో ఒకటి అప్పుపత్రాలు తగలబెట్టడం. చర్చిలో జక్కయ్య కథ ఎన్నిసార్లు వినిపించి ఉంటారు! అన్యాయంగా లాక్కుని, యేసును చూడడానికి చెట్టెక్కిన సుంకరి, ఆస్తిలో సగం పేదలకిచ్చి, లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటేనే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని లూకా రాశాడు. మన జనగామలో ఏ జక్కయ్యా తనంతట తాను చెట్టు దిగలేదు. మిషన్లు నిజాం అనుమతితో నడిచే సంస్థలు. తాగుడును పాపమన్నంత గట్టిగా అవి వెట్టిని పాపమనలేదు. ఇది నా తీర్పు. కఠినమని అనిపించేవాళ్లు వెట్టిచాకిరీ రోజుల ప్రసంగాలు వెతికి చూడవచ్చు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. వేరువేరుగా నడిచిన ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు ఒక బల్ల దగ్గరికి వచ్చాయి. డోర్నకల్ అందులో భాగమైంది. కొత్త ఆరాధన క్రమంలో ఒక పాత అలవాటును కేరళ సిరియన్ సంఘాల దగ్గరనుంచి తెచ్చుకున్నారు. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునేముందు సమాధానం ఇచ్చుకోవడం: ఒకరి కుడి అరచేతిని ఇంకొకరి కుడి అరచేతికి ఆనించి, ఎడమచేత్తో పైనుంచి మూయడం. తగువు పడ్డ తోడికోడళ్లు వరసలో పక్కపక్కన కూర్చున్న రోజు ఈ ఆచారం బరువు తెలుస్తుంది. ఒకామె చేయి చాపదు. వెనకవరస పెద్దమ్మ మోచేత్తో పొడుస్తుంది. చివరికి రెండు చేతులు కలుస్తాయి, కళ్లు మాత్రం కలవవు.

కేథలిక్కుల దారి వేరు. వరంగల్ మేత్రాసనం 1952లో హైదరాబాదునుంచి విడివడింది. ఇటలీకి చెందిన అల్ఫోన్సో బెరెట్టా దానికి మొదటి పీఠాధిపతి. ఏటా కనీసం ఒక్కసారి పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215 లాటరన్ మహాసభనాటిది. బాప్టిస్టు విశ్వాసి సంఘమంతా వినేలా సాక్ష్యం చెబితే, కేథలిక్కు జాలీ అవతలి ఫాదర్‌గారి చెవిలో చెప్పుకుంటాడు. రహస్యం బయటికి పొక్కదన్న భరోసా చిన్న ఊళ్లో చిన్నదేమీ కాదు. రెండో వాటికన్ మహాసభ తరవాత పూజ తెలుగులోకి వచ్చింది. 1973 క్రమం పాపసంకీర్తనాన్ని తీర్పు కంటే ఎక్కువగా సఖ్యతగా చూపింది. ఏ పాపక్షమ పత్రాల అమ్మకంమీద 1517లో లూథర్ గొంతెత్తాడో, ఆ తగువులోని మూలసిద్ధాంతంమీద కేథలిక్కులూ లూథరన్లూ 1999 అక్టోబరు 31న ఉమ్మడి ప్రకటన చేశారు. మన పల్లెల్లో దాని ఊసు వినపడలేదు.

ఉజ్జీవ సభలు ఇంకో ప్రవాహం. 1904 వేల్స్, 1905 ఖాసీ కొండలు, 1906లో తెలుగు సీమ: జనం ఏడుస్తూ పాపాలు బాహాటంగా ఒప్పుకున్న సభలవి. 1950లో హైదరాబాద్ హెబ్రోనులో స్థిరపడిన భక్తసింగ్ బోధలోనూ ఒప్పుకోలుతోపాటు తిరిగి ఇచ్చేయడం ఉంది. దొంగిలించింది ఇవ్వు, ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ల దగ్గరికి వెళ్లి ఒప్పుకో, ఆ తరవాతే బల్ల. సిద్ధాంత గ్రంథాలకంటే ఈ చిన్న షరతే ఎక్కువమందిని మార్చిందని నేననుకుంటాను.

1980ల నాటికి ప్రశ్న తిరగబడింది. అర్వింద్ నిర్మల్ 1981లో బెంగుళూరులో దళిత వేదాంతానికి బీజం వేశారు. 1982లో హైదరాబాదునుంచి వచ్చిన కె. విల్సన్ పుస్తకం, దళిత క్రైస్తవుడు సమాజంలోనూ సంఘంలోనూ రెండుసార్లు పరాయివాడయ్యాడంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతమయ్యారు, మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. వాళ్లలో చాలామంది క్రైస్తవులే. మేం పాపులం అని ప్రతి ఆదివారం చదివే ఒప్పుకోలు ప్రార్థనను గొడ్డలి వేటు తిన్నవాడూ వేసినవాడూ ఒకేలా చదవాలా? సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో గానీ రాలేదు. అంతవరకు బాధితుణ్ణి క్షమించమనడం బోధ అవుతుందా, బెదిరింపా? ఒడిశాలో 1999 జనవరిలో భర్తనూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనంలో పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్, హంతకులను క్షమించానని చెప్పారు. కోర్టు తన పని తాను చేసుకుపోయింది. ఆమె మాటను అందరూ మెచ్చుకున్నారు. కోర్టు పనిని ఆమె అడ్డుకోలేదన్న సంగతి ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది.

ఇక భూపాలపల్లి. సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం కలిసి పెంచిన ఊరు. కొత్తగూడెంనుంచో మందమర్రినుంచో బదిలీమీద వచ్చిన కార్మికుడికి ఇక్కడ వాడ లేదు, సంఘపెద్ద లేడు, మూడుతరాల తగువు లేదు. కాలనీల్లో వెలిసిన స్వతంత్ర ప్రార్థనమందిరాల్లో పాపం వ్యక్తిగతమైంది: తాగుడు, చేతబడి భయం, మొగుడూపెళ్లాల పోట్లాట. క్షమాపణకు రుజువు స్వస్థత. తాగుడు మానిన భర్త పక్కన నిలబడి భార్య చెప్పే సాక్ష్యాన్ని చులకన చేయను. జీతం రోజు ఇంటికి డబ్బు చేరడం చిన్న రక్షణ కాదు. కాని ఈ బోధలో తిరిగి ఇచ్చేయడమన్న మాట మాయమై, దాని చోట కానుక వచ్చి కూర్చుంది.

ఇంకో ముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, వీళ్లకు మన దగ్గర బీసీ-సీ మిగిలింది. అందుకే చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. సత్యం ఒప్పుకోమని బోధించే మతంలో ఉంటూ, ఆ మతంలో ఉన్నానన్నదే ఒప్పుకోలేని స్థితిలోకి మనుషులను నెట్టింది రాజ్యం. ఈ పాపాన్ని ఎవరి ఖాతాలో రాయాలో బిషప్పులకంటే పార్లమెంటు ముందు చెప్పాలి.

సంఘం ఖాతాలో రాయాల్సినవీ ఉన్నాయి. వియ్యానికి అడ్డుపడే కులం, ఎన్నికల వేళ లేచే మాల మాదిగ లెక్క, మిషన్ స్థలాలమీద కోర్టుకెక్కిన వ్యాజ్యాలు. శుభశుక్రవారం పన్నెండు నుంచి మూడింటిదాకా ఏడు మాటలు ధ్యానిస్తారు. 17వ శతాబ్దపు పెరూలో మొదలైన ఆ ఆరాధన మానుకోట పల్లెల్లోనూ ఏడుగురు ప్రసంగీకులతో నిండుగా జరుగుతుంది. మొదటి మాటే శత్రువులను క్షమించమన్న ప్రార్థన. దానిమీద మాట్లాడేవాళ్లు తమ సంఘపు వ్యాజ్యాన్ని ప్రస్తావించడం మాత్రం అరుదు.

ఈ చరిత్రలో ఎక్కువభాగం అచ్చులో లేదు. ఎవరిని ఎందుకు బల్లకు దూరం పెట్టారు, ఎప్పుడు తిరిగి చేర్చుకున్నారు, ఎంత బాకీ తీర్పించారు అన్నది పాత పాస్టరేట్ల మినిట్సు పుస్తకాల్లో, బాప్తిస్మపు రిజిస్టర్లలో, ముసలి సంఘపెద్దల నోళ్లలో ఉంది. జనగామలోనో డోర్నకల్‌లోనో పరకాల వైపో మీ చర్చి బీరువాలో అలాంటివి ఉంటే, చెద పట్టకముందే ఫోటోలు తీయించండి. పేర్లు దాచి, సంగతులు బయటపెట్టండి.